జిలానీ రాయి

అయాజ్ ఏం పని చేస్తాడో మార్కాపురంలో వాళ్ళ వీధివాళ్ళకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పెద్దనాయన ఖాసింపీరాను అడిగితే "కంప్యూటర్లో కొండలు చేస్తాడంట" అని ఆ 'అంట' మీద కాస్త ఒత్తి చెబుతాడు. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆయన "గేములు ఆడతాడు, దానికి జీతం గూడా ఇస్తారంట" అని నిట్టూరుస్తాడు. తల్లి బాషాబీ మాత్రం ఎవరడిగినా "మావాడిది రాళ్ళ పనే, వాళ్ళ నాయన మాదిరే" అంటుంది. ముగ్గురిలో ఆమె చెప్పిందే నిజానికి దగ్గర.

ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో అయాజ్‌కు ఉద్యోగం. కంపెనీ హైదరాబాదులో ఉంది, అయాజ్ ఇక్కడ మేడమీది గదిలో ఉన్నాడు, మధ్యలో ఇంటర్నెట్టు ఉంది. కరెంటు ఉన్నంతసేపు ముగ్గురికీ బాగానే పడుతుంది. వాళ్ళ ఆటలో కొందరు ప్యారాచూట్లు కట్టుకుని ఆకాశంలోంచి ఒక చోట దిగుతారు. దిగి ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి మిగిలినవాడు గెలిచినట్టు. ఆ మనుషుల్ని ఇంకెవరో చేస్తారు, తుపాకుల్ని ఇంకెవరో చేస్తారు. వాళ్ళు దిగే నేల మాత్రం అయాజ్‌ది.

మొదట తెర మీద బల్లపరుపు నేల ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో కుంచెలాంటిది పట్టుకుని ఇటు లాగితే గుట్ట లేస్తుంది, అటు నొక్కితే లోయ పడుతుంది. ఆ తర్వాత వాన కురిపిస్తాడు. వేల ఏళ్ళ వాన టీ తాగి వచ్చేలోపు కురిసిపోతుంది. నీళ్ళు కొండను కోసుకుంటూ పోయి వాగులు, వంకలు అన్నీ వాటంతట అవే ఏర్పడతాయి. వానకు మొహంవాచిన కొనకనమిట్ల రైతులు వింటే కడుపు మండే సంగతి. వాన అయ్యాక గడ్డి, చెట్లు, చివరికి రాళ్ళు.

సినిమాకు కొండ చేసేవాడికి ఆ కొండను ఎంత తీరిగ్గా గీసినా నడుస్తుంది. ఆటకు చేసేవాడికి ఆ భాగ్యం లేదు. ఆడేవాడు తల తిప్పిన ప్రతిసారీ ఫోను కొండంతటినీ అప్పటికప్పుడు మళ్ళీ గీయాలి. నూరు రకాల రాళ్ళు పెడితే చవక ఫోను పెనంలా కాలి ఆగిపోతుంది. అందుకని ఏ తొమ్మిదో పదో రాళ్ళు చేసి, వాటినే చిన్నవీ పెద్దవీ చేసి, అటూ ఇటూ తిప్పి, కొండంతా పెడతారు. చేత్తో ఒక్కొక్కటీ పెట్టక్కర్లేదు. రాళ్ళున్న ఫోల్డరు చూపిస్తే చాలు, రైతు విత్తనం చల్లినట్టు సాఫ్ట్‌వేరే చల్లేస్తుంది. ఈ చల్లడం గుర్తుంచుకోండి, అయాజ్ బతుకులో కష్టం ఇక్కడే మొదలైంది.

వాళ్ళ నాయన జిలానీ పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. నల్లటి బండను నిలబెట్టి, అంచు మీద ఉలి పెట్టి తడితే పొరలు పొరలుగా విడిపోయేది. పిల్లలు పలకల మీద రాయడం మానేశారు, ఫ్యాక్టరీలు ఒకటొకటిగా మూతపడ్డాయి, జిలానీ ఊపిరితిత్తులు కూడా వాటితోపాటే పనికి రాకుండా పోయాయి. అతను పోయినప్పుడు తోటి పనివాళ్ళు క్వారీ నుంచి చీల్చని పలకబండ ఒకటి ఎత్తుకొచ్చి, ఉలితో 'షేక్ జిలాని' అని తెలుగులో చెక్కి, తలవైపు నిలబెట్టారు. పాలరాయి లేదు, సిమెంటు లేదు. జీవితమంతా రాయి చీల్చినవాడికి చీల్చని రాయి ఒకటి దక్కింది.

ఆ రాయిని బాషాబీ చూడలేదు.

వాళ్ళింట్లో ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు వెళ్ళరు. వెళ్ళకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, కర్ర పట్టుకుని గేటు దగ్గర ఎవరూ కూర్చోలేదు. వెళ్ళరు, అంతే. ఆమె అత్త వెళ్ళలేదు, ఆ అత్తకు అత్త వెళ్ళలేదు. భర్త శవాన్ని ఎత్తినప్పుడు బాషాబీ గడపలో నిలబడి వీధి మలుపు దాకా చూసింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆ మలుపు తిరిగాక ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో ఆమెకు తెలియదు. ఇంటికీ అక్కడికీ నడిస్తే పావుగంట కూడా పట్టదు.

అయాజ్ శుక్రవారం నమాజు అయ్యాక అటు వెళ్ళివస్తాడు. వచ్చేసరికి ఆమె వాకిట్లోనే ఉంటుంది.

"పోయొచ్చినావా బేటా?"

"పోయొచ్చినా అమ్మీ."

"ఎట్లుంది?"

"బాగుంది."

"బాగుందంటే ఏంది? గడ్డి మొలిచిందా? రాయి మీద నీడ పడతాందా?"

"సాయంత్రం పడతాది. తుమ్మచెట్టుది."

"రాయి ఎంతుంటాది?"

అయాజ్ చేత్తో నడుం దాకా చూపించేవాడు. కొండలు చేసే మనిషే గానీ నాలుగు మాటల్లో ఒక రాయిని చెప్పడం అతని వల్ల కాలేదు. ఆమె ప్రతివారం అదే అడిగేది, అతను ప్రతివారం నడుం దాకా చెయ్యి ఎత్తేవాడు. అడిగి అడిగి ఆమెకు విసుగు రాలేదు. చెప్పలేక చెప్పలేక అతనికే సిగ్గేసింది.

అదే రోజుల్లో కంపెనీ 'నల్లదిన్నె' అనే కొత్త నేల మొదలుపెట్టింది. నల్లరాతి గుట్టలు కావాలన్నారు. అయాజ్‌కు పై అధికారి సతీష్. మంచివాడు, మాట మెత్తన. "మీ ఊళ్ళోనే కదా అయాజ్ ఆ రాయి దొరికేది, అసలుదాన్నే తీసుకో" అన్నాడు. రాయి చుట్టూ తిరుగుతూ ఫోనుతో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీస్తే, సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి నిజం రాయిలాంటి రాయిని తెర మీద నిలబెడుతుంది. అయాజ్ మూతపడ్డ క్వారీల దగ్గర చెత్తరాళ్ళ కుప్పలన్నీ తిరిగి ఎనిమిది రాళ్ళకు ఫోటోలు తీసుకొచ్చాడు. తొమ్మిదోదానికి తీసింది ఆటకోసం కాదు. ఆ శుక్రవారం ఖబరస్తాన్‌లో నాయన రాయి చుట్టూ వంగుతూ లేస్తూ ఫోటోలు తీస్తుంటే, పక్క సమాధి దగ్గరున్న ముసలాయన, అయాజ్ ఏదో పోగొట్టుకున్నాడనుకుని తానూ గడ్డిలో వెతకడం మొదలుపెట్టాడు.

ఇంట్లో కంప్యూటరుకు అంత శక్తి లేదు. కంపెనీ వాళ్ళ పెద్ద మిషను మీదే రాయిని తయారుచేసి, దాన్ని అమ్మ ఫోనులోకి ఎక్కించాడు.

బాషాబీ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు తెరను ముట్టుకోలేదు. తర్వాత వేలితో తిప్పింది. రాయి తిరిగింది. ముందువైపు పేరు, పక్కన పొరల అంచు, వెనక ఎవరూ నునుపు చేయని గరుకు. ఆమె కొంగుతో ఫోను అద్దాన్ని తుడిచింది. తుడిచింది అద్దం మీది దుమ్ము కాదని అయాజ్‌కు తెలుసు.

"ఇంత మంచి రాయి ఏరినారా ఆయనకు," అంది ఆమె. అంతే. ఆ రోజు నుంచి శుక్రవారం ప్రశ్నలు ఆగిపోయాయి.

ఇప్పుడు అయాజ్ చేసిన తప్పు గురించి చెప్పాలి. కంపెనీ మిషను మీద తయారైన రాయి కంపెనీ ఫోల్డర్లోనే, ఆ ఎనిమిది రాళ్ళ పక్కనే పడింది. అమ్మకు ఎక్కించాక దాన్ని తీసెయ్యాలి. అయాజ్ తీసెయ్యబోయాడు కూడా. 'షేక్ జిలానిని శాశ్వతంగా తొలగించాలా?' అని తెర అడిగింది. అది ఎన్నిసార్లో చూసిన ప్రశ్నే. రోజుకు ఎన్ని ఫైళ్ళు తీసేస్తాడో లెక్కే లేదు. కానీ ఆ పేరు మీద 'అవును' అని నొక్కడానికి చెయ్యి రాలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. మర్నాడు వేరే పని మీద పడ్డాడు. ఆ పైవారం సతీష్ హైదరాబాదులో కూర్చుని, ఫోల్డర్లో తొమ్మిది రాళ్ళున్నాయి, చాలు అనుకుని, మొత్తం ఫోల్డరును నల్లదిన్నె మీద చల్లేశాడు. తెలుగు అక్షరాలున్న రాయి చూసి అయాజ్ ఊరి గుర్తుగా ముచ్చటగా పెట్టాడనుకున్నాడట.

ఆట జనంలోకి వెళ్ళాక ఆ సంగతి మొదట చూసింది గిద్దలూరులో ఉన్న చెల్లెలు తబస్సుమ్. పక్కింటి పిల్లలు ఆడుతుంటే చూసి ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వు చేసిన ఆటలో నాయన ఉన్నాడు."

"ఏంది?"

"నాయన రాయి. ఒకటి కాదన్నా. గుట్ట పొడుగూతా."

అయాజ్ ఫోనులో నల్లదిన్నె తెరిచాడు. గుట్ట మీద, వాగులో, గోడల పక్కన, ఎక్కడ చూసినా నాయన రాయే. కొన్ని నిలువుగా, కొన్ని వాలి, కొన్ని బోర్లా, ఒకటి నీళ్ళలో సగం మునిగి. మిగతా ఎనిమిది రాళ్ళు కూడా ఉన్నాయి గానీ ఆటగాళ్ళకు ఈ రాయే నచ్చింది. మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి దాక్కోవడానికి సరిగ్గా సరిపోతుంది. పైగా పేరుంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఆటలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, ఆ మాటలన్నీ అయాజ్ చెవిలో పడ్డాయి. ఎక్కడెక్కడి కుర్రగొంతులో.

"జిలానీ వెనకాల ఒకడున్నాడు, కాల్చు."

"ఏ జిలానీ రా?"

"వాగు పక్కన జిలానీ."

అయాజ్ ఫోను బోర్లా పెట్టి కూర్చుండిపోయాడు. నాయన ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరగడు. దగ్గుతో మాట్లాడలేక చివర్లో అందరికీ చేతి సైగే. అట్లాంటి మనిషి పేరు మీద గుళ్ళ వాన కురుస్తోంది, కురిపించే నేల తన చేత్తో చేసింది. అమ్మకు తెలిస్తే ఏమవుతుంది? ఆమెకు మిగిలిందల్లా ఆ రాయే. దాన్ని తెచ్చిచ్చినవాడే తీసుకెళ్ళి సంతలో పడేసినట్టయింది.

సతీష్‌కు ఫోన్ చేశాడు. సంగతంతా చెప్పాడు.

"నాకు తెలీదు అయాజ్. నిజంగా తెలీదు."

"తీసెయ్యండన్నా. ఒక్క రాయే కదా."

"ఒక్క రాయి కాదు కదా ఇప్పుడు. జనం దాని చాటున ఆడటానికి అలవాటుపడ్డారు. తీస్తే గుట్టంతా ఖాళీ అవుతుంది, మళ్ళీ ఇంకోటి పెట్టాలి, అన్ని ఫోన్ల మీదా మళ్ళీ చూసుకోవాలి. ఇంకో అప్‌డేట్ దాకా ఎవరూ చెయ్యి పెట్టనివ్వరు. నేను అడుగుతా. నా చేతుల్లో ఉంటే ఈ క్షణం తీసేసేవాణ్ణి."

అతని చేతుల్లో లేదు. అతని పైవాళ్ళ చేతుల్లోనూ లేదట. ఆ పైన ఎవరి చేతుల్లో ఉందో సతీష్‌కే తెలియదు. అయాజ్ వారం వారం మెయిలు పెట్టాడు. బతిమాలాడు, ఒకసారి కోప్పడ్డాడు, కోప్పడినందుకు మళ్ళీ క్షమించమని రాశాడు. కొండను వేలితో ఎత్తి పక్కన పెట్టగలిగినవాడు ఒక రాయిని కదల్చలేకపోయాడు. తబస్సుమ్‌తో అమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

తబస్సుమ్ ఒట్టు గిద్దలూరులో ఉన్నంతకాలం నిలబడింది. పుట్టింటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుండగా జారిపోయింది.

బాషాబీ మెట్లెక్కి మేడమీదికి వచ్చింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఆ గదికి ఎప్పుడూ రాదు. అయాజ్ లేచి నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాడు.

"యాడుంది, చూపీ" అంది.

చూపించాడు. సాయంత్రం వేళ నల్లదిన్నె. అక్కడి ఎండను కూడా అతనే పెట్టాడు, గుట్ట వెనక నుంచి ఏటవాలుగా. గడ్డి ఊగుతోంది. గడ్డిలో రాయి నిలబడి ఉంది, దాని నీడ పొడుగ్గా పడి ఉంది. బాషాబీ తెరకు దగ్గరగా జరిగింది.

"నా ఫోన్లో ఉండేదానికి నేల లేదు," అంది కాసేపటికి. "ఇక్కడ నేలలో ఉంది."

"అమ్మీ, తీసేస్తారు. నేను చెప్పినా వాళ్ళకు."

ఆమె వినలేదు. "దీని కాడికి నడిచి పోవచ్చా?"

"పోవచ్చు. కానీ..."

"నేను పోవచ్చా?"

ఏం చెబుతాడు? నల్లదిన్నె గేటు దగ్గర ఏ పెద్దమనిషీ లేడు. ఎవరైనా దిగొచ్చు.

అట్లా బాషాబీ ఆటలోకి వెళ్ళింది. అది నవ్వాల్సిన సంగతో ఏడవాల్సిన సంగతో ఇప్పటికీ చెప్పలేను. ఆటలో మనిషిని ఎంచుకోవాలంటే తల కప్పుకున్న ఆడమనిషి దొరకలేదు. ఉన్నవాళ్ళలో కాస్త ఒళ్ళంతా బట్ట ఉన్న సైనికుణ్ణి ఎంచుకుంది. ఆకాశంలోంచి దూకమంటే భయపడి కళ్ళు మూసుకుంది. కిందపడిన తుపాకిని ఎంత చెప్పినా తీసుకోలేదు. "ఆయన కాడికి తుపాకి పట్టుకుని పోతానా" అంది. తబస్సుమ్ ఒక ఫోను, అయాజ్ ఒక ఫోను పట్టుకుని ఆమెకు చెరోవైపు కాపలాగా దిగారు. కొండలు చేయడమే తప్ప ఆడటం అయాజ్‌కు చేతకాదు. అందరికంటే ముందు అతనే చచ్చేవాడు.

మొదటిసారి రాయి కనిపించేలోపే ఎవడో కాల్చేశాడు. రెండోసారి రాయి దాకా వెళ్ళింది. పోయిన ఆయన కోసం ఫాతెహా చదవడానికి నిలబడింది.

"అమ్మీ, కూర్చో. రాయి చాటున కూర్చో" అన్నాడు అయాజ్.

"కూర్చోని చదవను నేను."

నిలబడ్డ మనిషి దూరం నుంచి బాగా కనబడుతుంది. సగం చదివేలోపు తెర ఎర్రగా అయిపోయింది. ఆమె సైనికుడు ఆ రాయి మీదే వాలిపోయాడు. బాషాబీ "మళ్ళీ పోదాం" అంది.

రోజూ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అదే పని అయింది. తబస్సుమ్ గిద్దలూరు వెళ్ళిపోయాక తల్లీకొడుకులిద్దరే. పెద్దనాయన ఒకసారి వచ్చి, మరదలు ఫోనులో ఆట ఆడుతుండటం చూసి, ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె రోజూ దిగేది, నడిచేది, రాయి కనపడగానే ఆగి కొంగు సర్దుకునేది. సైనికుడి కొంగు కాదు, తనది. చదవడం మొదలుపెట్టేది. ఎవడో ఒకడు కాల్చేవాడు. ఒక్కరోజు కూడా ఆమె చివరి మాట దాకా రాలేదు.

ఒకసారి ఆమె ఫోనులో మైకు మూయడం మరిచిపోయాడు అయాజ్. ఆమె చదువుతున్నది ఎక్కడో ఉన్న ఆటగాళ్ళకు వినపడింది. గుట్ట మీద కాల్పులు ఆగాయి.

"ఎవరో అవ్వ రా. ఏందో చదువుతాంది" అన్నాడొకడు.

"యాడ?"

"జిలానీ కాడ."

ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అని అయాజ్ లోపల మొక్కుకున్నాడు. అంతలో ఆ మాటలేవీ వినని ఇంకెవడో వెనక నుంచి వచ్చి కాల్చాడు. గొంతులు నవ్వాయి. చెడ్డ నవ్వు కాదు, పిల్లల నవ్వే. అయాజ్‌కు మాత్రం ఆ ఫోను తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొడితే ఏం లాభం? రాయి అందులో లేదు.

"ఇయ్యాల చానా దూరం వచ్చినాను" అంది బాషాబీ. ఆమె గొంతులో సంతోషం ఉంది.

ఆ సంతోషం చూశాకే అయాజ్‌కు భయం పుట్టింది. తాను రాసిన మెయిళ్ళు గుర్తొచ్చాయి. వెంటనే సతీష్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ రాయి తీయొద్దన్నా. ఉండనియ్యండి."

"అదేంటి అయాజ్? నీ గురించే కదా నేను మీటింగుల్లో అందరితో గొడవపడ్డాను. తండ్రి సమాధి రాయి అని చెబితే పెద్దాయన కూడా కదిలిపోయాడు. కొత్త రాయి పెట్టేశారు, అన్ని ఫోన్ల మీదా చూసేశారు. అప్‌డేట్ వెళ్ళిపోయింది."

"వెనక్కి తేలేమా?"

"ఏమని చెప్పను అయాజ్? ముందు సమాధి రాయి తీయమన్నాడు, ఇప్పుడు సమాధి రాయి కావాలంటున్నాడు అని చెప్పనా?"

సతీష్ తప్పేమీ లేదు. మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. లోకంలో అయాజ్ మొర ఆలకించిన కంపెనీ అదొక్కటే, అది కూడా వద్దనుకున్నాక ఆలకించింది.

మర్నాడు మధ్యాహ్నం అయాజ్ ఏమీ చెప్పలేకపోయాడు. బాషాబీ ఎప్పటిలాగే దిగింది. ఇప్పుడామెకు దారి తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. వాగు దాటి గుట్ట ఎక్కింది. రాయి ఉన్నచోట రాయి ఉంది. పేరు లేని రాయి. అంతే ఎత్తు, అంతే వెడల్పు, నున్నగా. పక్కదాని దగ్గరికి వెళ్ళింది, దాని పక్కదాని దగ్గరికి వెళ్ళింది. గుట్టంతా తిరిగింది. ఆ రోజు ఎందుకో ఆమెను ఎవరూ కాల్చలేదు.

"తీసేసినారా?"

"తీసేసినారమ్మీ. నేనే చెప్పినా అప్పుడు. నీకోసమే చెప్పినా."

"మంచిదే చేసినావులే" అంది. ఫోను అతని చేతికిచ్చి కిందికి దిగిపోయింది.

అయాజ్ రెండు రోజులు కంపెనీ పని పక్కన పెట్టి తన కంప్యూటర్లో కొత్త నేల చేశాడు. అమ్మ ఒక్కదానికోసం. గుట్ట, తుమ్మచెట్టు, సాయంత్రం ఎండ, గడ్డిలో నాయన రాయి. కాల్చేవాడు లేడు, దూకడం లేదు. పిలిచి చూపించాడు. ఆమె నడుచుకుంటూ రాయి దాకా వెళ్ళింది. నిలబడింది. చదవలేదు.

"ఎవరూ లేరే ఇక్కడ."

"ఎవరూ రారు అమ్మీ. నీకే చేసినా."

"నువ్వు చేసినావు గదా బేటా. బాగా చేసినావు." మోకాలు రుద్దుకుంటూ అంది, "అక్కడ నల్గురు తిరిగే చోటుకి నేనూ పోయినట్టుండేది. ఇది నువ్వు నాకు చేసిచ్చిన బొమ్మ."

అయాజ్‌కు తెలిసిన విద్య ఆ ఒక్కటే. అదీ అయిపోయింది. ఇంకేం చేయాలో తోచక తెరకేసి చూస్తూ కూర్చున్నాడు.

"నన్ను అసలుదాని కాడికి తీసకపోరాదా?" అంది బాషాబీ, చాలా మామూలుగా, సంతకు తీసుకెళ్ళమన్నట్టు.

తీసుకెళతానన్నాడు. అన్నాక రెండు శుక్రవారాలు ఏదో ఒక పని చెప్పి దాటేశాడు. మూడోసారి, ఎవరూ ఉండరని మంగళవారం మధ్యాహ్నం చూసుకుని బండి తీశాడు. బాషాబీ బురఖా వేసుకుని, ఒక పొట్లంలో మల్లెపూలు పట్టుకుని వెనక కూర్చుంది. ఖబరస్తాన్ గేటు ముందు బండి ఆపాడు. గేటు తీసే ఉంది. అక్కడి నుంచి చూస్తే తుమ్మచెట్టు కనపడుతుంది, దాని కింద నల్లగా రాయి అంచు కూడా కనపడుతుంది. ఆమె ఒక కాలు కింద పెట్టింది.

గోడకు సున్నం వేయిస్తున్న పెద్దనాయన లోపలి నుంచి వచ్చాడు. వెంట మసీదు పెద్దలు ఇద్దరున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు, అనుమానం కూడా లేదు. అట్లాంటి ఆలోచన వాళ్ళకు వస్తుందని ఆయన కలలో కూడా అనుకోడు.

"ఏందిరా అయాజ్, ఈ ఎండలో అమ్మను యాడికి తీసకపోతాండావు?"

అమ్మను నాయన దగ్గరికి తీసుకొచ్చాను అనాలి. అంతే, ఒక్క మాట. నోట్లో ఉన్నది ఉన్నట్టే ఉంది.

"తర్లుపాడు దాకా పెద్దనాయనా. కొంచెం పనుంది."

"పదండి పదండి, ఎండెక్కువయితాది" అన్నాడు ఆయన ప్రేమగా.

బాషాబీ కింద పెట్టిన కాలు మళ్ళీ పైకి పెట్టుకుంది. అయాజ్ బండి నడిపాడు. ఖబరస్తాన్ గోడ పక్కనే కొంతదూరం వచ్చి అయిపోయింది. తర్వాత చేలు, మూతపడ్డ పలకల ఫ్యాక్టరీ, మళ్ళీ చేలు. అద్దంలో చూశాడు. ఆమె ముఖం కనపడలేదు, పొట్లం పట్టుకున్న చెయ్యి మాత్రం కనపడింది.

"అమ్మీ," అన్నాడు, "ఇంకోసారి ఎవరూ లేనప్పుడు..."

"ఆ ఆటలో నన్ను కాల్చినోళ్ళంతా ఎవరో తెలీనోళ్ళు బేటా" అంది బాషాబీ. కోపంగా అనలేదు.

వెనక్కి తిప్పితే పెద్దనాయన ఇంకా గేటు దగ్గరే ఉంటాడు. చెప్పిన అబద్ధానికి కట్టుబడి, ఏ పనీ లేని తర్లుపాడుకు అమ్మను ఎక్కించుకుని అయాజ్ అట్లాగే పోయాడు.